షేర్ల నష్టంపై పన్ను పేచీ... తట్టాల్సిన తలుపేది?

విజయవాడ: షేర్లలో సొమ్ము పోగొట్టుకున్నవారికి మొదటి దెబ్బ మార్కెట్‌లో తగులుతుంది. ఆ నష్టాన్ని లెక్కలోకి తీసుకోవడం కుదరదంటూ ఆదాయపు పన్ను శాఖ పంపే ఉత్తర్వు రెండో దెబ్బ. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ లావాదేవీలు జరిపిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. వారి నష్టం మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఇంత సొమ్ము ఆవిరైనప్పుడు అందులో పన్ను లెక్కలో కలిసివచ్చేదెంత అన్న పేచీలు తలెత్తక మానవు. పేచీ ముదిరిన వేళ బాధితుడి నోట మొదట వచ్చే మాట ఒకటే: ‘‘కోర్టుకు వెళదాం, మంచి లాయరు ఎవరున్నారు?’’

ప్రశ్న సహజమే. కాకపోతే చాలా సందర్భాల్లో అది తొందరపాటు ప్రశ్న. పన్ను వివాదాల మెట్ల వరుసలో హైకోర్టు చివరి మెట్లకు దగ్గరగా ఉంటుంది. అక్కడికి చేరేసరికి వాస్తవాలపై వాదన దాదాపు ముగిసిపోతుంది. కింది మెట్ల మీద దాఖలైన కాగితాలే పైన మాట్లాడతాయి. ఆ కాగితాలు సిద్ధం చేసేది ఏటా రిటర్ను దాఖలు చేసే మన ఊరి ఆడిటరే. కాబట్టి ఎవరి సాయం కోరాలన్నది తేలాలంటే ముందుగా పేచీ ఏ కోవకు చెందిందో తేలాలి. అధికారి నష్టాన్ని నమ్మలేదా, చట్టాన్ని తప్పుగా అన్వయించారా, లేక చట్టమే ఆ నష్టాన్ని ఒప్పుకోదా? మూడింటికీ మూడు వేర్వేరు దారులు.

నెల ఆలస్యం... ఆరు లక్షల నష్టం

ఈ మూడింటిలోనూ ఇమడని నాలుగో రకమే ఊళ్లలో ఎక్కువగా ఎదురయ్యేది. తెనాలిలోనో భీమవరంలోనో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉన్నారనుకుందాం. ఏడాది లోపు కొన్న షేర్లను 2024 ఫిబ్రవరిలో అమ్మి ఆరు లక్షల రూపాయలు నష్టపోయారు. ఆ ఏడాది రిటర్నుకు గడువు 2024 జూలై 31. ఇల్లాలు ఆస్పత్రి పాలవడంతో ఆయన ఆగస్టు చివర్లో గానీ దాఖలు చేయలేకపోయారు. డిసెంబరులో ఊరి చివర ఇంటి స్థలం అమ్మగా ఆరు లక్షలకు మించి లాభం వచ్చింది. షేర్లపై వచ్చిన స్వల్పకాలిక నష్టాన్ని స్థలంపై వచ్చిన దీర్ఘకాలిక లాభంలోంచి తీసివేసుకోవచ్చు. అందుకు చట్టం అడ్డు చెప్పదు. అయితే నష్టం చూపే రిటర్ను గడువులోగా దాఖలైతేనే ఆ నష్టాన్ని తర్వాతి ఎనిమిదేళ్లకు మోసుకెళ్లే హక్కు దక్కుతుంది. నెల రోజుల ఆలస్యంతో ఆ హక్కు పోయింది. 12.5 శాతం రేటున లెక్కిస్తే ఆయనపై అదనంగా పడే పన్ను 75 వేల రూపాయలు, ఆపైన సెస్సు.

ఇలాంటి సందర్భంలో సాధారణంగా జరిగే పొరపాటు వెంటనే అప్పీలు వేయడం. రిటర్ను ఆలస్యాన్ని మన్నించే అధికారం అప్పీళ్ల కమిషనర్‌కు లేదు. అప్పీలు తేలడానికి ఏళ్లు పట్టవచ్చు, చివరికి ‘ఇది నా పరిధిలోనిది కాదు’ అన్న సమాధానమే రావచ్చు. ఆయన వెళ్లాల్సింది ప్రిన్సిపల్ కమిషనర్ వద్దకు. 1961 ఆదాయపు పన్ను చట్టం 119(2)(బి) సెక్షన్ కింద, నిజమైన ఇబ్బంది ఉన్నట్లు తేలితే ఆలస్యాన్ని మన్నించి నష్టాన్ని కొనసాగించుకోనిచ్చే వీలుంది. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2024 అక్టోబరు 1న జారీ చేసిన సర్క్యులర్ ప్రకారం కోటి రూపాయల వరకు ఉన్న క్లెయిములను ప్రిన్సిపల్ కమిషనర్ స్థాయిలోనే తేల్చవచ్చు. సంబంధిత అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన అయిదేళ్లలోగా దరఖాస్తు చేయాలి. మన ఉపాధ్యాయుడికి ఆ గడువు 2030 మార్చి 31 వరకు ఉంది.

దీనికి కావలసినవి ఆస్పత్రి డిశ్చార్జి కాగితాలు, బిల్లులు, బ్రోకరు ఇచ్చిన కాంట్రాక్ట్ నోట్లు, రెండు పేజీల నిజాయతీ గల వినతి. ఈ దశలో లాయరు అక్కర్లేదు. కారణం పట్టించుకోకుండా దరఖాస్తును తోసిపుచ్చినప్పుడే హైకోర్టులో రిట్ పిటిషన్ మాట. అక్కడ కూడా న్యాయమూర్తులు నష్టాన్ని తిరగలెక్కించరు. అధికారి కారణాలను న్యాయంగా పరిశీలించారా లేదా అన్నదే చూస్తారు.

నమ్మించాల్సింది మొదటి అధికారినే

ఇక అధికారి నష్టాన్ని నమ్మని సందర్భాలు. నామమాత్రపు ధర పలికే, అంతగా చేతులు మారని చిన్న కంపెనీల షేర్లలో నష్టం చూపితే అది కృత్రిమంగా సృష్టించిన నష్టమని శాఖ అనుమానించడం పరిపాటి. ఇలాంటి పెన్నీ షేర్ల వివాదాల్లో చుట్టుపక్కల పరిస్థితులను బట్టి కూడా లావాదేవీ బూటకమని తేల్చవచ్చని కలకత్తా హైకోర్టు 2022 జూన్‌లో తీర్పు చెప్పింది. ఎక్స్ఛేంజీ ద్వారానే కొన్నాం, అమ్మాం అన్న ఒక్క మాటతో గట్టెక్కడం కష్టమని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఈ కోవ కేసుల్లో గెలుపోటములు తేలేది అసెస్‌మెంట్ దశలోనే. డీమ్యాట్ స్టేట్‌మెంట్, బ్యాంకు ఖాతా, కాంట్రాక్ట్ నోట్లు, ఆ కంపెనీ షేరు ఎందుకు కొన్నారో చెప్పే వివరణ, వాంగ్మూలం ఆధారంగా అభియోగం మోపితే ఆ సాక్షిని ప్రశ్నించే అవకాశం కోరుతూ లిఖితపూర్వక విజ్ఞప్తి... ఇవన్నీ అధికారి ఎదుటే దాఖలై ఉండాలి. అప్పుడు ఇవ్వని సాక్ష్యాన్ని అప్పీలులో కొత్తగా చేర్చాలంటే ఆదాయపు పన్ను నిబంధనల్లోని 46ఎ నిబంధన అడ్డు వస్తుంది. ఎందుకు ఇవ్వలేకపోయామో తగిన కారణం చూపి అనుమతి పొందాలి. ఇప్పుడు నోటీసులన్నీ ఈ-ఫైలింగ్ పోర్టల్‌కే వస్తున్నాయి. మొదటి అప్పీళ్లు సైతం 2020 సెప్టెంబరు నుంచి ముఖం చూడని పద్ధతిలో సాగుతున్నాయి. పోర్టల్‌లో ఆడిటర్ గారి గుమస్తా ఈ-మెయిలు ఉంటే, నోటీసు వచ్చిన సంగతి అసలు మనిషికి తెలిసేసరికి గడువు దాటిపోతుంది. సొంత మెయిలు, సొంత ఫోను నంబరు నమోదు చేసుకోవడం పెద్ద లాయరును వెతకడం కన్నా ముందు చేయాల్సిన పని.

రిటర్నులో నష్టం చూపడమే మరచిపోయినవారికీ ఒక దారుంది. సవరించిన రిటర్ను ద్వారా తప్ప, కేవలం లేఖ ద్వారా కొత్త క్లెయిమును అసెస్‌మెంట్ అధికారి ఆమోదించలేరని సుప్రీంకోర్టు 2006లో గోయెట్జ్ ఇండియా కేసులో తేల్చిచెప్పింది. అదే తీర్పులో, ఈ పరిమితి ట్రైబ్యునల్ అధికారాలకు వర్తించదని కూడా స్పష్టం చేసింది. ఈ రెండో వాక్యం గుర్తున్న ఆడిటర్ దొరకడం క్లయింటు అదృష్టమే.

చట్టానికి అర్థమేమిటన్న పేచీ

వాస్తవాలపై వివాదం లేకుండా, చట్టానికి అర్థమేమిటన్న దానిపైనే పేచీ ఉన్నప్పుడు కోర్టు మెట్లు ఎక్కడంలో సార్థకత ఉంది. బెంగళూరుకు చెందిన జూపిటర్ క్యాపిటల్ కేసు ఇందుకు తాజా ఉదాహరణ. ఆ సంస్థ పెట్టుబడి పెట్టిన కంపెనీ నష్టాల పాలై, బొంబాయి హైకోర్టు అనుమతితో మూలధనాన్ని కుదించుకుంది. జూపిటర్ చేతిలోని 15.33 కోట్ల షేర్లు 9,988కి తగ్గిపోయాయి. సంస్థ 164 కోట్ల రూపాయల దీర్ఘకాలిక నష్టాన్ని క్లెయిమ్ చేసింది. షేర్లు ఎవరికీ అమ్మలేదు కదా, ‘బదిలీ’ జరగనిదే నష్టమెక్కడిదని అధికారి తిరస్కరించారు. వాటాదారు హక్కు అంతరించిపోవడం కూడా బదిలీయేనని బెంగళూరు ట్రైబ్యునల్, 2023లో కర్ణాటక హైకోర్టు, చివరికి 2025 జనవరి 2న సుప్రీంకోర్టు తేల్చాయి. ఇదే తరహా అంశంపై ముంబయి ట్రైబ్యునల్ ప్రత్యేక బెంచి అంతకుముందు 2011లో బెనెట్ కోల్‌మన్ కేసులో భిన్నంగా తీర్పు చెప్పడం గమనార్హం. చేతిలోని షేర్లు ఇలాగే కుదింపునకు గురైన చిన్న మదుపరి సైతం 2025 నాటి తీర్పును ఆసరా చేసుకోవచ్చు.

చట్టం ఏ తేదీ నుంచి వర్తిస్తుందన్నది మరో కీలకాంశం. వాల్‌ఫోర్ట్ షేర్ బ్రోకర్ల సంస్థ 2000 మార్చిలో ఒక మ్యూచువల్ ఫండ్ యూనిట్లను 17.23 రూపాయలకు కొని, యూనిట్‌కు నాలుగు రూపాయల పన్ను లేని డివిడెండు తీసుకొని, వెంటనే 13.23 రూపాయలకు అమ్మి నష్టం చూపింది. ఇది పన్ను ఎగవేతకు వేసిన ఎత్తుగడ అని శాఖ వాదించింది. దాన్ని అడ్డుకొనే 94(7) సెక్షన్ 2002 ఏప్రిల్ నుంచే అమల్లోకి వచ్చిందని, అంతకుముందు లావాదేవీల నష్టాన్ని కాదనలేమని సుప్రీంకోర్టు 2010 జూలైలో తీర్పిచ్చింది. దీనికి సరిగ్గా తిరగబడిన కేసు స్నోటెక్స్ ఇన్వెస్ట్‌మెంట్ సంస్థది. షేర్ల వ్యాపారంలోని నష్టాన్ని ఫ్యూచర్స్, ఆప్షన్స్ లాభంతో సరిపెట్టుకోవడానికి వీలు కల్పించే సవరణ 2015 ఏప్రిల్ నుంచి వచ్చింది. 2008-09 అసెస్‌మెంట్ సంవత్సరానికీ దాన్ని వర్తింపజేయాలన్న సంస్థ వాదనను 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తిరస్కరించింది. మొదటి సంస్థను తేదీ ఆదుకుంది, రెండో సంస్థను అదే దెబ్బతీసింది. ఇంత చిన్న విషయాన్ని ముందే చూసి చెప్పగలవాడే అసలైన సలహాదారు.

చట్టమే కాదన్నప్పుడు

కొన్ని నష్టాలను చట్టమే సూటిగా కాదంటుంది. ఫ్యూచర్స్, ఆప్షన్స్ నష్టాన్ని జీతంతో సరిపెట్టుకోలేరు. అదే రోజు కొని అదే రోజు అమ్మే లావాదేవీల నష్టాన్ని అదే తరహా లాభంతో తప్ప తీసివేయరాదు, నాలుగేళ్లకు మించి మోయరాదు. క్రిప్టో ఆస్తులకు 2022 ఏప్రిల్ నుంచి మరీ కఠిన నిబంధన వచ్చింది. లాభంపై 30 శాతం పన్ను కట్టాలి. ఒక క్రిప్టోలో వచ్చిన నష్టాన్ని మరో క్రిప్టో లాభంలోంచి తీయడానికీ వీల్లేదు. ఇది అన్యాయమని అనిపించడంలో తప్పు లేదు, ఈ వ్యాసకర్త అభిప్రాయమూ అదే. కానీ ఆ అన్యాయాన్ని అధికారి ముందో ట్రైబ్యునల్ ముందో వాదించి ప్రయోజనం లేదు. తమను సృష్టించిన చట్టం చెల్లుతుందో లేదో తేల్చే అధికారం వాటికి ఉండదని సుప్రీంకోర్టు 1965లోనే చెప్పింది. రాజ్యాంగ బద్ధతను సవాలు చేయాలంటే హైకోర్టులో రిట్ వేయాల్సిందే. అక్కడ కూడా ఆర్థిక, పన్ను చట్టాల విషయంలో చట్టసభలకు ఎక్కువ వెసులుబాటు ఇవ్వాలని ఆర్.కె.గార్గ్ కేసు తీర్పు 1981 నుంచి నిలిచి ఉంది. ఇలాంటి పోరాటానికి ఒంటరి మదుపరి సొంత సొమ్ము ఖర్చుపెట్టడం వివేకం అనిపించుకోదు.

అలాగని చట్టం కాదన్న నష్టాన్ని రిటర్నులో అసలు చూపకపోవడమూ పొరపాటే. హైదరాబాద్ మదుపరులకు ఇది అనుభవం నేర్పిన పాఠం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఖాతాల మోసం బయటపడి, షేరు విలువలో నాలుగింట మూడొంతులకు పైగా ఒక్కరోజులో తుడిచిపెట్టుకుపోయింది. ఏడాదికి మించి అట్టిపెట్టుకొని ఎక్స్ఛేంజీలో అమ్మినవారి లాభాలపై అప్పట్లో పన్ను లేదు. లాభంపై పన్ను లేదు గనుక నష్టానికీ విలువ లేదన్నది శాఖ వైఖరి. ఎంతో కాలంగా ఆ కంపెనీని నమ్ముకున్నవారే పన్ను లెక్కలో ఎక్కువ నష్టపోయారు. ఏడాది లోపు కొని అమ్మినవారికి మాత్రం స్వల్పకాలిక నష్టం దక్కింది. ఆ తర్వాత 2015లో ముంబయి ట్రైబ్యునల్ రాప్టకోస్ బ్రెట్ కేసులో ఇలాంటి దీర్ఘకాలిక నష్టాన్ని వేరే ఆస్తుల లాభంతో సరిపెట్టుకోవచ్చని తీర్పు చెప్పింది. దీనికి విరుద్ధమైన అభిప్రాయాలూ న్యాయస్థానాల్లో లేకపోలేదు. ఏమైనా, 2009లో గడువులోగా రిటర్నులో నష్టం నమోదు చేయనివారు ఆ తీర్పును పట్టుకొని తలుపు తట్టే అవకాశమే కోల్పోయారు. వివరాలన్నీ దాచకుండా చూపిన క్లెయిము చట్టరీత్యా నిలవకపోయినా, కేవలం ఆ కారణంతో తప్పుడు వివరాలు ఇచ్చినట్లు కాదని 2010లో రిలయన్స్ పెట్రోప్రొడక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది.

ఎవరు ఎక్కడ వాదించగలరు?

చార్టర్డ్ అకౌంటెంట్లు అప్పీళ్ల కమిషనర్ ఎదుట, అప్పిలేట్ ట్రైబ్యునల్‌లో వాదించవచ్చు. అక్కడ అసెస్సీ స్వయంగా హాజరు కావచ్చు, అధికారపత్రంపై బంధువును పంపవచ్చు. హైకోర్టులో మాత్రం ఇతరుల తరఫున న్యాయవాదులే వాదించాలి. విజయవాడ, గుంటూరు, రాజమహేంద్రవరం వాసుల కేసులు విశాఖపట్నం బెంచికి వెళతాయి. కర్నూలు, తిరుపతి వాసులు హైదరాబాద్ బెంచికి వెళ్లాలి. అయితే ట్రైబ్యునల్ హైదరాబాద్‌లో ఉన్నా, కర్నూలు అధికారి జారీచేసిన ఉత్తర్వుపై హైకోర్టు అప్పీలు అమరావతిలోనే దాఖలు చేయాలి. అసెస్‌మెంట్ అధికారి ఉన్న చోటును బట్టే హైకోర్టు పరిధి ఉంటుందని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టతనిచ్చింది. హైదరాబాద్ లాయరును ట్రైబ్యునల్ కోసం కుదుర్చుకొనే ముందు రాయలసీమ వాసులు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోరాదన్నది బార్ కౌన్సిల్ నియమం. మరి మంచివారిని వెతకడమెలా? ట్రైబ్యునల్ ఉత్తర్వులన్నీ దాని వెబ్‌సైట్‌లో ఉచితంగా లభిస్తాయి. ప్రతి ఉత్తర్వు మొదటి పేజీలో అసెస్సీ తరఫున ఎవరు హాజరయ్యారో ఉంటుంది. తమ పేచీని పోలిన నాలుగైదు ఉత్తర్వులు తీసి చూస్తే, ఏ పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తోందో, వాయిదాలు అడుగుతున్నదెవరో, వాదిస్తున్నదెవరో తెలిసిపోతుంది. ఊళ్లో ఎవరో చెప్పిన పేరు కన్నా ఇది నమ్మదగిన ఆధారం. ‘గెలిస్తే ఇంత శాతం ఇవ్వండి’ అనే లాయరు దొరికితే దూరంగా జరగడం మేలు. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. వకాలత్ మీద సంతకం పెట్టే ముందు ఒక పేజీ లిఖితపూర్వక అభిప్రాయం అడగవచ్చు. ఏ సెక్షన్ కింద పేచీ, గడువు ఎప్పటి వరకు, గెలిస్తే కలిసివచ్చే పన్ను ఎంత, ఓడితే అదనంగా పడేదేమిటి... ఇవి రాసి ఇవ్వడానికి వెనకాడేవారికి కేసు అప్పగించడం దండగ.

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 న్యాయసేవల చట్టం కల్పించింది. ఆ చట్టంలో ‘కోర్టు’ అన్న మాటకు ట్రైబ్యునళ్లూ వస్తాయి. భర్త పోయాక అతని షేర్ల పేచీ నెత్తిన పడిన మహిళలకు జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవాధికార సంస్థ ఒక ఆసరా. పన్ను కేసుకు కూడా అక్కడ అడగవచ్చని ఎంతమందికి తెలుసు?

గెలుపు ఖరీదెంత?

మొదటి అప్పీలుకు ప్రభుత్వ రుసుము 250 నుంచి వెయ్యి రూపాయలు. ట్రైబ్యునల్‌లో గరిష్ఠం 10 వేల రూపాయలు. భారమయ్యేది ఈ రుసుము కన్నా ప్రయాణాలు, వృత్తినిపుణుల ఫీజు. 75 వేల పన్ను కోసం హైకోర్టు దాకా వెళితే, గెలిచినా మిగిలేది కాగితమే.

అయితే చిన్న అసెస్సీలకు అనుకూలించే అంశం ఒకటుంది. 2024 సెప్టెంబరులో బోర్డు నిర్దేశించిన పరిమితుల ప్రకారం వివాదంలోని పన్ను 60 లక్షల రూపాయలు మించకపోతే శాఖ ట్రైబ్యునల్‌కు, రెండు కోట్లు మించకపోతే హైకోర్టుకు, అయిదు కోట్లు మించకపోతే సుప్రీంకోర్టుకు సాధారణంగా వెళ్లదు. అంటే చిన్న మదుపరి కింది మెట్టులో గెలిస్తే అదే చాలావరకు తుది గెలుపు. చేతిలోని డబ్బును మొదటి అప్పీలు, ట్రైబ్యునల్ దశల్లోనే సద్వినియోగం చేసుకోవాలన్నది ఇందుకే. పెన్నీ షేర్ల ద్వారా బూటకపు లాభనష్టాలు సృష్టించారన్న కేసులకు మాత్రం ఈ పరిమితి రక్షణ వర్తించదు.

మరో చిక్కుముడి జరిమానా. నష్టాన్ని తగ్గించి అసెస్ చేసినా ఆదాయం తక్కువ చూపినట్లుగానే భావించి, దానిపై పన్నులో 50 శాతం జరిమానా వేసే అధికారం 270ఎ సెక్షన్ ఇస్తోంది. తప్పుడు వివరాలిచ్చారని తేలితే 200 శాతం. మొదటి రకం జరిమానా నుంచి మినహాయింపు పొందాలంటే పన్ను కట్టేసి, అప్పీలు వదులుకొని, ఉత్తర్వు అందిన నెల ముగిసిన నెలలోగా దరఖాస్తు చేయాలి. అప్పీలు వేస్తే ఆ అవకాశం పోతుంది. మొదటి అప్పీలుకు గడువు 30 రోజులే కాబట్టి పోరాడాలా, రాజీపడాలా అన్నది ఆ కొద్ది రోజుల్లోనే తేల్చుకోవాలి. ఆడిటర్ గారు రిటర్నుల సీజన్ హడావుడిలో ఉన్నా సరే, ఆ ఒక్క లెక్క వేయించుకోక తప్పదు.

1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది. పాత సంవత్సరాల పేచీలు పాత చట్టం కిందే నడుస్తాయి. సెక్షన్ల సంఖ్యలు మారడంతో, వచ్చిన నోటీసు ఏ చట్టం కిందిదో, ఏ సంవత్సరానిదో ముందుగా సరిచూడాలి. జవాబులో పాత సెక్షన్ బదులు కొత్తది, కొత్తదాని బదులు పాతది పడితే మొదటి వాయిదా ఆ సవరణతోనే గడిచిపోతుంది.